జింక వేటకు వెళ్లాలంటే ముందు పొలం యజమాని గడప తొక్కాలి

"అన్నా, మా ఆఫీసులో అందరూ డీర్ సీజన్ గురించే మాట్లాడుకుంటున్నారు. నాకూ వెళ్లాలని ఉంది. మా అపార్ట్‌మెంట్ నుంచి ఇరవై నిమిషాలు డ్రైవ్ చేస్తే అన్నీ పొలాలే. పొద్దున్నే జింకలు మందలుగా కనిపిస్తాయి. అక్కడికెళ్లి వేటాడొచ్చా?" అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ పక్కనున్న డబ్లిన్‌కి కిందటేడు వచ్చిన ఒక తమ్ముడు అడిగాడు. ఈమధ్య ఇలాంటి ప్రశ్నలు తరచుగా వస్తున్నాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ పొలం ఎవరిదో తెలుసుకుని, ఆయన సంతకం చేసిన కాగితం మీ జేబులో పెట్టుకునేదాకా వెళ్లకూడదు. ఒహాయోలో ప్రైవేటు భూమిలో వేటాడాలంటే నోటిమాట చాలదు, రాతపూర్వక అనుమతి ఉండాలని చట్టం. ఆ కాగితం వేటలో ఉన్నంతసేపూ దగ్గరే ఉండాలి, అడిగితే చూపించాలి. కంచె లేదు కదా, బోర్డు పెట్టలేదు కదా అంటే కుదరదు. మన ఊళ్లో ఎవరి చేలో గట్టు మీదైనా నడిచి వెళ్లిపోయిన అలవాటుతో ఇక్కడ అడుగేస్తే అది నేరమవుతుంది. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి. టెక్సస్, మిస్సోరీ, ఇల్లినాయిస్ లాంటి చోట్ల చెట్టుకో స్తంభానికో ఊదారంగు గీత నిలువుగా పూసి ఉంటే, అది "లోపలికి రావద్దు" అన్న బోర్డుతో సమానం.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింక మీద చెయ్యి వేస్తే జైలే. ఆంధ్రకు కృష్ణజింక, తెలంగాణకు చుక్కల జింక రాష్ట్ర జంతువులు కూడా. అందుకే చాలామంది ఇక్కడ వేట మాట వినగానే ఉలిక్కిపడతారు. ఇక్కడున్నది తెల్లతోక జింక. వాటి సంఖ్య అదుపులో ఉండాలని ప్రభుత్వమే సీజన్ పెట్టి, లైసెన్సులు, డీర్ పర్మిట్లు అమ్ముతుంది. ఒహాయోలో బాణాల సీజన్ సెప్టెంబర్ చివర మొదలై ఫిబ్రవరి మొదటి వారం దాకా సాగుతుంది. అసలైన తుపాకీ వారం థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం మొదలవుతుంది.

పొలం సంగతికి వచ్చే ముందు వీసా గురించి చెప్పాలి. దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. దానికున్న మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది ఒకటుంది. ఇక్కడి రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే ఆ నిషేధం వర్తించదు. అంటే లైసెన్సు ముందు, తుపాకీ తర్వాత. లైసెన్సు గడువు దాటిందా, మినహాయింపూ పోయినట్టే. స్నేహితుడి తుపాకీ "ఒక్కసారి పట్టుకుని చూస్తా" అన్నా లెక్కలోకి వస్తుంది. స్టేటస్ విషయంలో ఏ చిన్న సందేహం ఉన్నా ముందు మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఒక జింక కోసం గ్రీన్‌కార్డు పోగొట్టుకోవద్దు. కొత్తవాళ్లకి నా సలహా ఏమిటంటే మొదటి ఏడాది విల్లుతోగానీ క్రాస్‌బోతోగానీ (ట్రిగ్గర్ నొక్కితే బాణం వదిలే విల్లు) వెళ్లండి. వాటికి ఆ తుపాకీ చట్టం వర్తించదు. లైసెన్సు, పర్మిట్ మాత్రం వీటికీ తప్పనిసరి.

ఇక అడగడం. అడగందే అమ్మైనా పెట్టదంటారు. కానీ ఎప్పుడు అడుగుతామన్నది చాలా ముఖ్యం. నవంబర్‌లో తుపాకీ వారం ముందు తలుపు తట్టేవాళ్లు ఆ రైతుకి అప్పటికే పదిమంది తగిలి ఉంటారు. పైగా సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా మొక్కజొన్న, సోయా కోతల హడావిడిలో ఆయనకి ఊపిరాడదు. జూలై చివర వెళ్లండి. గోధుమ కోత అయిపోయి ఉంటుంది, సోయా మొలకల్ని జింకలు మేసేసిన కోపం ఇంకా చల్లారి ఉండదు. శనివారం పొద్దున పది, పదకొండు మధ్య మంచి సమయం. చీకటి పడ్డాక ఎవరి డ్రైవ్‌వేలోకీ కారు తిప్పొద్దు.

పొలం ఎవరిదో తెలుసుకోవడం కష్టమేం కాదు. కౌంటీ ఆడిటర్ వెబ్‌సైట్‌లో మ్యాప్ మీద ఆ ముక్క నొక్కితే యజమాని పేరు, ఎకరాలు కనిపిస్తాయి. యజమాని ఒకరు, సాగు చేసే కౌలుదారు ఇంకొకరు అయి ఉండొచ్చు. సంతకం యజమానిది కావాలి. అయినా కౌలుదారుకి కూడా ఒక మాట చెప్పడం మర్యాద.

మొదటిసారి నేను యూనియన్ కౌంటీలో ఒక పెద్దాయన ఇంటికి వెళ్లినప్పుడు పావుగంట కారులోనే కూర్చుండిపోయాను. రంగు చూసి ఏమనుకుంటారో, కుక్క మీద పడుతుందేమో అని ఒకటే టెన్షన్. మీకూ ఉంటుంది, అందులో తప్పేం లేదు. కారు కనిపించేలా ఆపండి. మామూలు బట్టల్లో ఒక్కరే వెళ్లండి. వేట బట్టలు, విల్లు, తుపాకీ ఏవీ వద్దు. బెల్ కొట్టి నాలుగడుగులు వెనక్కి జరిగి, చేతులు కనబడేలా నిలబడండి. పేరు, ఎక్కడ ఉంటారు, ఏం పని చేస్తారు, ఎందుకొచ్చారు, నాలుగు ముక్కల్లో చెప్పేయండి. నేను ఆ రోజు మా నాన్న ప్రకాశం జిల్లాలో రైతని, మా మొక్కజొన్న చేలో అడవిపందులు పడి రాత్రికి రాత్రి ఎలా తొక్కేసేవో చెప్పాను. ఆయన తలుపు పూర్తిగా తెరిచి, "రా, మా సోయా చూద్దువుగాని" అని చెప్పులు వేసుకున్నారు. చేను అంచున మోకాలెత్తు మొక్కలకి పైన చివుళ్లు లేవు, కత్తెరతో కత్తిరించినట్టు వరుసగా మోడులే. ఆ గట్టు మీద నిలబడే సంతకం పెట్టించుకున్నాను, కారు బానెట్ మీద కాగితం పెట్టి.

ఆ కాగితం ఒహాయో ప్రభుత్వ వైల్డ్‌లైఫ్ డివిజన్ సైట్‌లో దొరుకుతుంది, ప్రింట్ తీసుకుని రెండు కాపీలు పట్టుకెళ్లండి. అందులోనే ఫీజు లేకుండా అనుమతిచ్చిన యజమానికి, వేటగాడికి దెబ్బ తగిలితే చట్టం ఇచ్చే రక్షణ గురించి ఉంటుంది. చాలామంది రైతులు "నువ్వు చెట్టు మీద నుంచి పడితే నా మీద కేసేస్తావా" అన్న భయంతోనే కాదంటారు. అది చూపించండి. వద్దంటే మాత్రం బతిమాలొద్దు. "పర్లేదండీ, థాంక్స్" అని వచ్చేయండి.

ఒప్పుకున్నారంటే అప్పుడే అడగాల్సినవి అడిగేయండి. కారు ఎక్కడ ఆపాలి? విల్లా, తుపాకీనా? ఏ రోజుల్లో రావొచ్చు? చెట్టుకి స్టాండ్, అంటే పైన కూర్చుని కాపు కాసే పీట, కట్టుకోవచ్చా? ఒప్పుకుంటే పట్టీలతో కట్టేది వాడండి. మేకు దిగితే ఆ కలప విలువ పోతుంది. హద్దులు ఆయన్నే నడిచి చూపించమనండి. దెబ్బతిన్న జింక పక్కవాళ్ల పొలంలోకి పరుగెత్తితే, వాళ్ల అనుమతి లేకుండా దాని వెనక వెళ్లకూడదు. కాబట్టి పక్క పొలం వాళ్ల ఫోన్ నంబర్ ముందే సంపాదించుకోండి.

నా తప్పు కూడా చెప్పాలి. రెండో ఏడాది ఇంకో రైతు పొలానికి, ఆయన్ని అడక్కుండా మా కొలీగ్‌ని వెంటబెట్టుకెళ్లాను. ఇద్దరికీ లైసెన్సులున్నాయి కదా అనుకున్నాను. ఆయన ట్రాక్టర్ ఆపి, దిగకుండానే, "నేను సంతకం చేసింది ఒక్కరికే" అన్నారు. మళ్లీ ఆ పొలంలో అడుగుపెట్టలేదు. తర్వాత రెండుసార్లు ఉత్తరం రాసినా జవాబు రాలేదు. ఆ అడవంచు దారిలో వెళ్లినప్పుడల్లా ఇప్పటికీ బాధేస్తుంది. అనుమతి మీ ఒక్కరిది. తమ్ముడికి, బావమరిదికి, ఇండియా నుంచి వచ్చిన చుట్టానికి అది చెల్లదు.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకి కథ వేరు. అక్కడ 95 శాతం పైగా భూమి ప్రైవేటుదే, ఎక్కువగా సీజన్‌కి ఇంత అని డబ్బు కట్టి లీజు తీసుకుంటారు. ఒహాయోలో ఎవరూ ఒప్పుకోకపోతే వేన్ నేషనల్ ఫారెస్ట్ ఉంది, రాష్ట్రం వాళ్ల వైల్డ్‌లైఫ్ ఏరియాలు ఉన్నాయి.

వెళ్లే ప్రతిసారీ ముందు రోజు రాత్రి ఆయనకి మెసేజ్ పెట్టండి. తుపాకీ సీజన్‌లో నారింజ రంగు జాకెట్ వేసుకోండి. గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచండి, మూసి ఉంటే మూసేయండి. జింక దొరికితే మర్నాడు మధ్యాహ్నం పన్నెండులోపు గేమ్ చెక్ చేయాలి, అంటే జింకని కొట్టినట్టు రాష్ట్రం వాళ్లకి నమోదు చేయించాలి. మాంసంలో మంచి ముక్క ఆయన ఇంటికి పంపండి, తినరంటే సంక్రాంతికి అరిసెలు పంపండి. మా పెద్దాయన భార్య ఇప్పుడు డిసెంబర్ నుంచే అరిసెల గురించి అడుగుతున్నారు.

కాగితం ఆ సీజన్‌కే. నేను ఏటా జూలైలో కొత్తది ప్రింట్ తీసుకుని వెళ్తాను. ఆయన మళ్లీ చెప్పులు వేసుకుని సోయా చూపిస్తారు.