దౌత్యం, విముక్తి పోరాటాలు, యూనివర్సిటీ: మూడూ ఒకే ఉద్యోగంలో దొరుకుతాయా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఏ రెండో ఏడాది చదువుతోంది. చరిత్ర, రాజనీతి శాస్త్రం. వలస పాలన నుంచి బయటపడ్డ దేశాల కోసం, అక్కడి ఉన్నత చదువుల కోసం పనిచేసే దౌత్యవేత్త అవుతానంటోంది. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? ఇప్పుడే సివిల్స్ కోచింగ్‌లో వేయాలా, పీహెచ్‌డీ వైపు పంపాలా? ఇంట్లో అందరికీ ఇదే టెన్షన్. - ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: ఉందండీ. మీ జిల్లా మనిషే చేసి చూపించారు. గూడూరు దగ్గర పల్లపట్టిలో 1924లో పుట్టిన ఇ.ఎస్. రెడ్డి మద్రాసు యూనివర్సిటీలో డిగ్రీ, న్యూయార్క్ యూనివర్సిటీలో 1948లో ఎం.ఏ. చేసి, 1949లో ఐక్యరాజ్యసమితిలో చేరారు. 1985లో రిటైరయ్యేదాకా ఆయన పనిలో ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీదే. ఐరాసలో వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రానికి అధిపతిగా చేశారు. ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంత విద్యార్థులకు బయటి దేశాల్లో చదువు చెప్పించే ఐరాస కార్యక్రమాన్నీ చూసుకున్నారు. 2013లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆయనకు ఓ.ఆర్. టాంబో పురస్కారం ఇచ్చింది.

ఆ రోజుల్లో చదువు, స్వాతంత్ర్యం ఎంత దగ్గరగా నడిచాయో నమీబియా చూస్తే తెలుస్తుంది. ఆ దేశం ఇంకా దక్షిణాఫ్రికా చేతిలో ఉండగానే, 1976లో ఐరాస పక్కనున్న జాంబియా రాజధాని లుసాకాలో నమీబియా ఇన్‌స్టిట్యూట్ తెరిచింది. రేపు స్వాతంత్ర్యం వస్తే ఆఫీసులు నడిపేదెవరు? ఆ మనుషుల్ని ముందే తయారుచేయడం దాని పని. మొదటి డైరెక్టర్ హగే గైంగోబ్. 1990లో నమీబియాకు స్వాతంత్ర్యం రాగానే మొదటి ప్రధాని ఆయనే. మీ అమ్మాయికి ఈ కథ చెప్పండి, తను వెతుకుతున్నది సరిగ్గా ఇదే అనుకుంటాను.

అయితే రెడ్డిగారి దారి ఉన్నదున్నట్టుగా ఇప్పుడు లేదు. 1960 నాటి వలస విముక్తి తీర్మానం తర్వాత చాలా దేశాలు స్వతంత్రమయ్యాయి. స్వయంపాలన ఇంకా రాని ప్రాంతాల ఐరాస జాబితాలో ఇప్పుడు మిగిలినవి పశ్చిమ సహారా, న్యూ కలెడోనియా లాంటి 17 ప్రాంతాలే. కాబట్టి పని రూపం మారింది. స్కాలర్‌షిప్పులు, యూనివర్సిటీల మధ్య ఒప్పందాలు, శిక్షణ కార్యక్రమాలు. 2023లో ఐఐటీ మద్రాస్ టాంజానియాలోని జాంజిబార్‌లో క్యాంపస్ పెట్టింది కదా, అలాంటి వాటి వెనక దౌత్యం చాలా ఉంటుంది. వలస కాలపు సిలబస్‌ను తిరగరాసే పరిశోధన మాత్రం పూర్తిగా యూనివర్సిటీ వాళ్ల పని.

అందుకే జీతం ఎవరిస్తారన్నది ముందు తేల్చుకోవాలి. భారత విదేశాంగ సర్వీసు అయితే యూపీఎస్సీ పరీక్ష. జనరల్ కేటగిరీకి 32 ఏళ్లు, 6 ప్రయత్నాలు. ఉద్యోగం గట్టిది, గౌరవం ఉంది. కానీ సబ్జెక్టు మన చేతిలో ఉండదు. ఆఫ్రికా మీద పనిచేయాలని చేరితే మొదటి పోస్టింగు ఎక్కడో వీసా విభాగంలో పడొచ్చు. పై నుంచి చెప్పిందే మన అభిప్రాయంగా మాట్లాడాలి కూడా. నోరున్న పిల్ల అయితే ఈ సంగతి ముందే చెప్పండి. ఐరాస యంగ్ ప్రొఫెషనల్స్ పరీక్షకు కూడా వయసు 32 ఏళ్లు మించకూడదు. ఏ దేశాల వాళ్లు రాయొచ్చో ఏటా మారుతుంది, ఆ ఏడు మన దేశం ఉందో లేదో చూసుకోవాలి. దీని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు. యూనివర్సిటీ దారిలో నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష), పీహెచ్‌డీ. నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది, సబ్జెక్టు మాత్రం తనదే.

ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి వెళ్లినవాళ్లూ ఉన్నారు. కె.ఆర్. నారాయణన్ విదేశాంగ సర్వీసు నుంచి 1978లో రిటైరై జేఎన్‌యూ వైస్ ఛాన్సలర్ అయ్యారు, తర్వాత అమెరికాలో రాయబారి, చివరికి రాష్ట్రపతి. అమెరికాకు చెందిన రాల్ఫ్ బంచ్ అయితే ఎదురు దారిలో వచ్చారు. హోవర్డ్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, ఫ్రెంచి పాలనలోని టోగో, దహోమీల (ఇప్పటి బెనిన్) మీద హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేసి, తర్వాత ఐరాసలో, ఇంకా స్వతంత్రం కాని ప్రాంతాల పాలనను పర్యవేక్షించే ధర్మకర్తృత్వ విభాగం నడిపారు. 1950లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆయన్ని ఐరాసకు చేర్చింది వలస పాలన మీద లోతైన చదువు.

ఇక మీ రెండో ప్రశ్న. ఇప్పుడే కోచింగ్ వద్దు. డిగ్రీ మార్కులు పాడవుతాయి, తను కోరుకున్న సబ్జెక్టు నోట్సుల కింద నలిగిపోతుంది. ఈ రెండేళ్లలో ఫ్రెంచ్ పట్టించండి. పశ్చిమాఫ్రికాలో చాలా దేశాలకు అదే పాలనా భాష, ఐరాసలోనూ పని భాష. హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఉంది, అలియాన్స్ ఫ్రాంసేజ్ ఉంది. సర్టిఫికెట్ కోసం కాకుండా పత్రిక చదివి రిపోర్టు రాసేంత రావాలి. డిగ్రీ అయ్యాక ఎం.ఏ.కి జేఎన్‌యూ అంతర్జాతీయ అధ్యయనాల స్కూల్, పీహెచ్‌డీకి ఢిల్లీ యూనివర్సిటీ ఆఫ్రికన్ స్టడీస్ విభాగం చూడండి. అప్పు చేసి విదేశీ ఎం.ఏ. మాత్రం, మీరు అడగకపోయినా చెబుతున్నాను, ఇప్పుడు వద్దు. ఎం.ఏ. రెండో ఏడాదిలో సివిల్స్ మొదలుపెట్టినా వయసు మించిపోదు. రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు ఆప్షనల్‌గా తీసుకుంటే నెట్‌కు చదివిందే చాలావరకు అక్కడా పనికొస్తుంది. మూడు ప్రయత్నాలయ్యాక ఆగాలా, కొనసాగాలా అన్నది ఇప్పుడే ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి, అప్పటికి ఆమె చేతిలో పీహెచ్‌డీ సీటు ఉండేలా చూసుకోండి.