కూలర్ మార్చకుండా వేగం పెంచాలంటే వోల్టేజీ తగ్గించండి

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నా కంప్యూటర్‌లో రైజెన్ 5 5600 ప్రాసెసర్, బి550 మదర్‌బోర్డు, 3200 వేగం గల 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఉన్నాయి. కూలర్ ప్రాసెసర్ డబ్బాలో వచ్చినదే. ఒక వీడియో చూసి అన్ని కోర్లనూ (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) 4.6 గిగాహెర్ట్జ్‌కు, వోల్టేజీని 1.35కు పెట్టాను. సినీబెంచ్ (ప్రాసెసర్ సత్తా పరీక్షించే సాఫ్ట్‌వేర్) మొదలుపెట్టిన కాసేపటికే ఉష్ణోగ్రత 90 డిగ్రీలు దాటి సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అయింది. కొత్త కూలర్ కొనే వీలు ఇప్పుడు లేదు. ఉన్నదానితోనే సురక్షితంగా ఎంతవరకు వెళ్లవచ్చు?
- ఒక విద్యార్థి, రామగుండం

జవాబు: ముందు బయాస్‌లోకి (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల మెనూ) వెళ్లి ఆ 1.35 తీసేయండి, తర్వాత మాట్లాడుకుందాం. ఆ వీడియో చేసిన పెద్దమనిషి ప్రాసెసర్ మీద ఎంత పెద్ద కూలర్ ఉందో, గదిలో ఏసీ ఎంతలో ఉందో మీకు చెప్పి ఉండడు.

చిప్‌లో పుట్టే వేడి గడియారం వేగంతో పాటు నేరుగా పెరుగుతుంది. వోల్టేజీ విషయంలో మాత్రం దాని వర్గంతో పెరుగుతుంది. మీరే లెక్క వేయండి. కోర్లన్నీ కష్టపడుతున్నప్పుడు మీ చిప్ మామూలుగా 4.3 గిగాహెర్ట్జ్, 1.15 వోల్టుల దగ్గర ఉంటుందనుకుందాం. 1.35కు తీసుకెళ్తే వోల్టేజీ వల్లనే వేడి 38 శాతం పెరుగుతుంది. వేగం వల్ల పెరిగేది కలిపితే 47 దాకా వస్తుంది. ఇంతా చేసి మీకు దక్కిన వేగం 7 శాతం. ఇది నష్టపు బేరం.

ఇంకొక చిక్కు ఉంది. ఫ్యాక్టరీ సెట్టింగుల్లో ఈ ప్రాసెసర్ 76 వాట్లు దాటకుండా తనను తానే కట్టడి చేసుకుంటుంది. వేగాన్ని మీరు చేత్తో నిర్ణయించిన మరుక్షణం ఆ కట్టడి పోతుంది. పై లెక్క ప్రకారం 110 వాట్ల పైమాటే. డబ్బాలో వచ్చిన మీ రైత్ స్టెల్త్ కూలర్ పేరు గంభీరమే గాని, రాగి గొట్టం ఒక్కటీ లేని అల్యూమినియం దిమ్మ, దాని మీద ఒక ఫ్యాను, అంతే. 65 వాట్ల తరగతి చిప్‌ల కోసం చేసిన సరుకు అది.

ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడపడం) అంటే మనవాళ్లకు ఇంకా 1998 నాటి ఊహే. ఆ ఏడాది వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఎ ని 66 మెగాహెర్ట్జ్ బస్సు (ప్రాసెసర్‌ను బోర్డుతో కలిపే దారి) నుంచి 100కు మారిస్తే 300 కాస్తా 450 అయ్యేది, చాలా చిప్‌లు డబ్బాలోని కూలర్‌తోనే తట్టుకునేవి. అప్పట్లో కంపెనీలు చిప్ సత్తాలో చాలా భాగం వాడకుండా వదిలేసేవి. ఇప్పుడు ఆ మిగులును బూస్ట్ పేరుతో వాళ్లే పిండేస్తున్నారు. మీ 5600 తన 4.4 గిగాహెర్ట్జ్ దాకా తనంతట తానే ఎక్కుతుంది. మనకు మిగిలింది వోల్టేజీలో ఉన్న కాస్త వెసులుబాటు. అన్ని చిప్‌లూ ఒకేలా ఉండవు కనుక కంపెనీ అందరికీ కొంచెం ఎక్కువే ఇస్తుంది. దాన్ని తగ్గిస్తే అవే 76 వాట్లలో చిప్ మరికొంత వేగంగా నడుస్తుంది, వేడి పెరగదు. నా దృష్టిలో ఈ కూలర్ మీద చేయదగ్గ ఓవర్‌క్లాకింగ్ ఇదొక్కటే.

అయితే దానికంటే ముందు ర్యామ్ చూడండి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ వేగం 2133 అనో 2666 అనో కనిపిస్తుంటే మీరు కొన్న 3200 అసలు వాడుకలోనే లేదు. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయండి. కొన్ని బోర్డులలో దీన్ని డీఓసీపీ అంటారు. ఆటల్లో మీరు పడిన పాట్లన్నిటికంటే ఈ ఒక్క మార్పు ఎక్కువ ఫలితం ఇవ్వవచ్చు.

తర్వాత బయాస్‌లోనే మీ ప్రాసెసర్ కంపెనీ ఏఎమ్‌డీ పేరుతో ఉండే ఓవర్‌క్లాకింగ్ మెనూ. తెరవగానే ఒక హెచ్చరిక వస్తుంది. చదవకుండా నొక్కేయకండి. ఓవర్‌క్లాకింగ్ వల్ల పాడైతే వారంటీ వర్తించదని ఏఎమ్‌డీ స్పష్టంగా చెబుతుంది. అందులో ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌ను (బూస్ట్ పరిమితులను మార్చే సెట్టింగు) అడ్వాన్స్‌డ్‌లో పెట్టి, పరిమితులను మదర్‌బోర్డుకు వదలకుండా మీరే రాయండి: పీపీటీ (మొత్తం వాట్లు) 76, టీడీసీ (నిలకడగా తీసుకునే కరెంటు, ఆంపియర్లలో) 60, ఈడీసీ (క్షణకాలపు గరిష్ఠ కరెంటు) 90. బోర్డుకు వదిలితే అది గేట్లన్నీ ఎత్తేస్తుంది. ఆ తర్వాత కర్వ్ ఆప్టిమైజర్‌లో, అంటే వోల్టేజీ తగ్గించే సెట్టింగులో, అన్ని కోర్లకూ నెగటివ్ 10 ఇవ్వండి. కొన్ని రోజులు వాడాక 15, ఆపైన 20. ఒక్కసారే 30కి దూకకండి.

సినీబెంచ్ పది నిమిషాలు నడిచింది కదా అని సంబరపడవద్దు. వోల్టేజీ తగ్గించిన చిప్ బరువు పని మీద కంటే, ఒక కోరు ఒక్కసారిగా పైవేగానికి ఎగిరినప్పుడే ఎక్కువగా తడబడుతుంది. పాట వింటుండగానో, ఖాళీగా ఉండగానో రీస్టార్ట్ అయిందంటే అదే సంగతి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో హ్వియా-లాగర్ (WHEA-Logger) పేరుతో హార్డ్‌వేర్ ఎర్రర్లు ఉన్నాయేమో చూడండి. ఒక్కటి కనబడినా 5 అంకెలు వెనక్కి రండి. చిప్‌లోని మేటి కోర్లు సాధారణంగా తక్కువ కోతనే భరిస్తాయి, వాటికి విడిగా తక్కువ అంకె ఇవ్వవచ్చు.

ఉష్ణోగ్రత చూడడానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో (HWiNFO) అనే సాఫ్ట్‌వేర్ చాలు. మీ చిప్‌కు గరిష్ఠం 90 డిగ్రీలు. దాన్ని తాకితే కాలిపోదు, వేగం తగ్గించుకుంటుంది. కానీ మీది రామగుండం. జనవరిలో 25 డిగ్రీల గదిలో 75 చూపిన సెట్టింగు, మే నెలలో 40 డిగ్రీల గదిలో 90 చూపిస్తుంది. బరువు పని మీద కూడా 80 దాటని సెట్టింగును ఎండాకాలంలోనే తేల్చుకోండి. క్యాబినెట్‌ను కంప్యూటర్ బల్ల కింది అరలో తలుపు వేసి ఉంచారేమో చూడండి. ఉంటే బయటికి తీయండి, దానికి ఖర్చు లేదు.

కూలర్ విప్పి దానికీ ప్రాసెసర్‌కూ మధ్య ఉండే, వేడిని చేరవేసే పేస్ట్ మార్చాలనుకుంటే ముందు కాసేపు కంప్యూటర్ నడిపి వేడెక్కనివ్వండి. ఆపేసి, ప్లగ్గు తీసి, స్క్రూలు విప్పాక కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి. నిట్టనిలువునా లాగితే ప్రాసెసర్ కూడా దాంతో పాటే సాకెట్ నుంచి ఊడివచ్చి పిన్నులు వంగుతాయి. బిగించేటప్పుడు ఎదురెదురు మూలల స్క్రూలను కొద్దికొద్దిగా.

ఏదైనా సెట్టింగుతో తెర వెలగకపోతే భయపడకండి. ప్లగ్గు తీసి, బోర్డు మీది బిళ్ల బ్యాటరీని కొన్ని నిమిషాలు బయట ఉంచితే బయాస్ మొదటికి వస్తుంది.

ప్రశ్న: నాది ఇంటెల్ ఐ5-12400, హెచ్610 బోర్డు. నేనూ ఓవర్‌క్లాక్ చేయవచ్చా?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: చేయలేరు. ఇంటెల్‌లో పేరు చివర కె ఉన్న చిప్, జడ్ తరగతి బోర్డు రెండూ కావాలి. ఆ కె చిప్‌ల డబ్బాలో కూలరే ఇవ్వరు. ఆ డబ్బుతో ఎస్‌ఎస్‌డీ కొనుక్కోండి.

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ వేగం పెంచుతానని రోజూ ఏదో మారుస్తున్నాడు. పేలిపోతుందా? కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?
- ఒక గృహిణి, తెనాలి

జవాబు: పేలదమ్మా. మరీ వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే ఆగిపోతుంది. బిల్లు సంగతికొస్తే, అదనంగా 40 వాట్లు, రోజుకు 5 గంటల చొప్పున వేసినా నెలకు 6 యూనిట్లు. మీరు చూడవలసింది మరొకటి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన పేరులేని ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) వాడుతుంటే ముందు దాన్ని మార్పించండి. ఆ ప్లగ్గు పెట్టే సాకెట్‌కు ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి.