కాఫూర్ అంటే కర్పూరమేనమ్మా

ప్రశ్న: మేడమ్, మాది మహబూబాబాద్ దగ్గర పల్లె. మా అమ్మాయికి కొడుకు పుట్టి ఇరవై రోజులైంది. అకీకా అయిపోయింది గానీ పేరు తేలలేదు, ఇంకా బాబూ అనే పిలుస్తున్నాం. మా నాన్నగారి తాతను ఊళ్లో అందరూ 'కాపూర్ సాబు' అనేవారట. ఇంట్లో ఉన్న నిజాం కాలం పట్టా కాగితానికి తర్వాత ఎవరో తీసిన తెలుగు నకలులో 'కాఫూర్' అని ఉంది. ఆ పేరే పెట్టాలని మా నాన్న పట్టు. మా వియ్యపురాలేమో "కాఫిర్, అంటే అవిశ్వాసి, అన్నట్టు వినపడుతోంది, వద్దు" అంటున్నారు. "ఓరుగల్లు మీదికి దండెత్తినవాడి పేరు, బడిలో పిల్లలు ఏడిపిస్తారు" అని మా తమ్ముడి మాట. అసలు దీని అర్థమేమిటి? ఇప్పుడు ఎవరైనా పెట్టుకుంటున్నారా? (పేరు ప్రచురించవద్దన్నారు)

జవాబు: చెల్లీ, ముందు మీ వియ్యపురాలి టెన్షన్ తీరుద్దాం. కాఫూర్ అంటే కర్పూరం. అంతే. కాఫిర్ వేరు, కాఫూర్ వేరు. అరబ్బీ నిఘంటువులు మాటలను మూలాక్షరాల కింద సర్దుతాయి. రెంటిలోనూ క, ఫ, ర ఉన్నాయి కాబట్టి పాతకాలపు పండితులు రెంటినీ ఒకే గూటిలో పెట్టారు. కానీ కర్పూరం అరబ్బు దేశంలో పుట్టింది కాదు, దాని పేరూ అక్కడ పుట్టలేదు. మలేషియా, ఇండోనేషియా వైపు మాట్లాడే మలయ భాషలో కాపూర్ అంటారు, మన దగ్గర కర్పూరం, పాత పారసీకంలో కాపూర్. అరబ్బీలో 'ప' అనే అక్షరమే లేదు. అందుకని వాళ్ల నోట 'ఫ' అయి కాఫూర్ అయింది. మీ ఊరివాళ్లకు 'ఫ' పలక్క కాపూర్ సాబు అన్నారు చూశారా, తెలియకుండానే ఆ మాటను పాత రూపానికి తీసుకుపోయారు! మీ ఉత్తరంలో ఆ ముక్క చదివి నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

ఆ రోజుల్లో మేలు రకం కర్పూరం సుమత్రా, బోర్నియో అడవుల్లో ఒక పెద్ద చెట్టు మాను లోపల పలుకులుగా దొరికేది. చెట్టును కొట్టి, చీల్చి, ఏరాలి. సుమత్రా పడమటి తీరంలోని బారుస్ రేవు దీనికి పెట్టింది పేరు. అరబ్బు వర్తకులు ఆ చోటును ఫన్సూర్ అనేవారు, అక్కడి సరుకును ఫన్సూరీ కాఫూర్ అని మెచ్చుకునేవారు. ఇవాళ మనం హారతికి వెలిగించే బిళ్ల చాలావరకు టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారైనది. అప్పటిది అలా కాదు, బంగారంతో తూచే సరుకు. 637లో అరబ్బు సేనలు పారసీకుల రాజధాని మదాయిన్‌ను గెలిచినప్పుడు అక్కడ మూటలకొద్దీ కర్పూరం దొరికితే, ఉప్పనుకుని వంటలో వేసుకున్నారని పాత చరిత్రకారులు రాశారు. మామూలు సైనికులకు అంత తెలియని వస్తువది. ఖురాన్ 76వ సూరాలో మాత్రం, పుణ్యాత్ములు స్వర్గంలో కాఫూర్ కలిసిన పాత్ర నుంచి తాగుతారని ఉంది. చల్లదనానికి, తెల్లదనానికి, సువాసనకు గుర్తు అది.

మన ఇళ్లలో ఈ మాట ఎందుకు మెత్తగా పలుకుతామో మీకూ తెలుసు. మా అమ్మ పోయిన రోజు గుసుల్, అంటే ఆఖరి స్నానం, చేయించడానికి వచ్చిన పెద్దామె నా చేతిలో చిన్న పొట్లం పెట్టి "ఇది నువ్వే నలుపు బిడ్డా" అంది. ఆఖరి చెంబు నీళ్లలో కర్పూరం కలపాలి. ప్రవక్తగారు తన కూతురు చనిపోయినప్పుడు స్నానం చేయించే స్త్రీలకు ఆ మాటే చెప్పారని హదీసులో ఉంది. గిన్నె అడుగున గరిటె కాడతో నలిపాను. తడి చేతికి అంటుకుని పలుకులు ఒకంతట నలగలేదు. తర్వాత నుదుటికి, ముక్కుకు, అరచేతులకు, మోకాళ్లకు, పాదాలకు, అంటే నమాజులో సాగిలపడే సజ్దాలో నేలకు తగిలే చోట్లన్నిటికీ, ఆమె అద్దింది. అందుకే మనవాళ్లలో చాలామందికి ఆ వాసన వస్తే చావిల్లే గుర్తొస్తుంది. పక్కింటివాళ్లకు అదే వాసన గుడిలో హారతి పళ్లెం, తిరుపతి లడ్డులో పచ్చకర్పూరం. పసిబిడ్డకు ఈ పేరు పెట్టడానికి మన ఇళ్లు వెనకాడటానికి ఇది ఒక కారణమని నా నమ్మకం.

రెండో కారణం ఇంకా బరువైనది. కాఫూర్ చాలాకాలం బానిసలకు పెట్టిన పేరు. అంబర్, యాకూత్, జౌహర్, రైహాన్ కూడా అంతే. సుగంధాలు, రత్నాలు, పూలు: యజమాని తన పెట్టెలో దాచుకునే వస్తువుల పేర్లు. మనిషిని కొన్నాక తల్లి పెట్టిన పేరు తీసేసి ఇది తగిలించేవారు. నల్లని ఒంటిరంగు ఉన్నవాణ్ణి తెల్లని కర్పూరమని పిలవడంలో ఎంత చులకన ఉందో ఆలోచించండి.

ఈజిప్టును ఏలిన కాఫూర్ కథ అదే. ఆఫ్రికా నుంచి బానిసగా వచ్చాడు, ఇఖ్షీద్ అనే పాలకుడు కొన్నాడు. యజమాని 946లో చనిపోయాక పిల్లల తరఫున రాజ్యం నడిపింది ఇతనే. చివరికి 966 నుంచి 968లో చనిపోయేదాకా తన పేరు మీదే ఏలాడు. అతని గౌరవనామం అబుల్ మిస్క్, అంటే కస్తూరికి తండ్రి. అల్ ముతనబ్బీ అనే మహాకవి ఏదైనా ప్రాంతానికి అధికారిగా వేస్తాడని ఆశపడి అతని కొలువులో చేరి ఆకాశానికెత్తాడు. పదవి రాలేదు. 962లో బక్రీద్ ముందు రాత్రి ఊరు దాటిపోతూ, బానిసను కొంటే కర్రతో సహా కొనాలనే అర్థంలో ఘోరమైన తిట్టు కవిత రాశాడు. పద్యం గొప్పదని అరబ్బీ చదివే పిల్లలు ఇప్పటికీ కంఠస్థం చేస్తారు. నాకది చదివినప్పుడల్లా కడుపు మండుతుంది. ఇరవై రెండేళ్లు ఒక దేశాన్ని నిలబెట్టిన మనిషి పేరు, పదవి దక్కని కవి కోపం వల్ల ఎక్కువమందికి తెలియడం అన్యాయం. కాఫూర్ పోయిన మరుసటి ఏడాదే, 969లో, ఉత్తరాఫ్రికాను ఏలుతున్న ఫాతిమీ వంశంవారి సేనాని ఈజిప్టును గెలిచి కైరో నగరాన్ని కట్టించాడు. ఆ సేనాని పేరు జౌహర్. అదీ బానిస పేరే, మణి అని అర్థం.

ఇక మీ తమ్ముడు చెప్పిన మాలిక్ కాఫూర్. 1299లో ఢిల్లీ సేనలు గుజరాత్ మీద పడ్డప్పుడు ఖంభాత్ రేవులో చిక్కాడు. హిందూ కుటుంబంలో పుట్టినవాడని చరిత్రకారులు అంటారు. వెయ్యి దీనార్లకు కొన్నారని 'హజార్ దీనారీ' అన్నారు. పేరు పక్కనే వెల! అల్లావుద్దీన్ ఖిల్జీ దగ్గర పెద్ద సేనాని అయి, 1309 చివర ఢిల్లీలో బయల్దేరి 1310 జనవరిలో ఓరుగల్లు చేరాడు. ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి సంధి చేసుకున్నాడు. మెడలో గొలుసు వేసిన తన బంగారు బొమ్మను పంపాడని ఢిల్లీ కొలువులోని కవి అమీర్ ఖుస్రో రాశాడు. ఖిలా వరంగల్ వెళితే అప్పటి మట్టికోట ఇప్పటికీ కనిపిస్తుంది. చిన్నప్పుడు ఆ కట్ట ఎక్కి దిగేవాళ్లం. ఆ ముట్టడి మన ఊరికి ఎంత నష్టం చేసిందో దాచాల్సిన పని లేదు. 1316లో సుల్తాను చనిపోయిన కొద్ది వారాలకే కాఫూర్‌నూ చంపేశారు. తల్లి అతన్ని ఏమని పిలిచిందో చెప్పే గట్టి ఆధారం ఏదీ మనకు లేదు.

ఇప్పుడు పెట్టుకుంటున్నారా అని అడిగారు. ముప్ఫై ఏళ్లు కాలేజీలో ఉర్దూ చెప్పాను. అటెండెన్స్ రిజిస్టర్లలో గఫూర్‌లు, గఫ్ఫార్‌లు, షకూర్‌లు కోకొల్లలు. కాఫూర్ ఒక్కడూ తగల్లేదు. అందుకే మీ ఉత్తరం చదవగానే ఒక అనుమానం వచ్చింది. మీ ముత్తాతగారు నిజానికి గఫూర్ కాదు కదా? గఫూర్ అంటే క్షమించేవాడు, అది అల్లాహ్ గుణనామం, మన దగ్గర బాగా వాడుకలో ఉన్న పేరు. తెలుగులోకి నకలు తీసే చేతుల్లో గఫూర్ కాస్తా కఫూర్, ఆపైన కాఫూర్ అయిపోవడం ఎంతసేపు? మా సొంత మామగారి పేరే ఒక కాగితంలో తప్పు పడి, దాన్ని సరిచేయించడానికి రెండేళ్లు ఒక ఆఫీసు చుట్టూ తిరిగాం.

తేల్చుకోవడం తేలికే. తెలుగు నకలు పక్కన పెట్టి అసలు ఉర్దూ కాగితం తీయండి. గఫూర్‌కు నాలుగే అక్షరాలు: గైన్, ఫే, వావ్, రే. కాఫూర్‌కు ఐదు: కాఫ్, అలిఫ్, ఫే, వావ్, రే. మధ్యలో నిలువు గీత, అంటే అలిఫ్, ఉందో లేదో చూస్తే చాలు. గైన్ మీద చుక్క ఉంటుంది, కాఫ్ మీద వాలు గీత ఉంటుంది. ఇంకో గుర్తు. పేరు ముందు 'అబ్దుల్' ఉంటే అది గఫూరే. అబ్దుల్ అంటే ఫలానా ఆయనకు దాసుడు, దాని వెనక అల్లాహ్ పేరే రావాలి. కర్పూరానికి దాసుడని ఎవరూ పెట్టరు. కాగితం మీకు చదవరాకపోతే మీ మసీదు ఇమాంగారికో, ఉర్దూ టీచరుకో చూపించండి.

గఫూర్ అని తేలితే అబ్దుల్ గఫూర్ అని పెట్టండి, గొడవే లేదు. కాఫూర్ అనే తేలితే నేనైతే ఆ పేరు వదలను. మీ ముత్తాత ఎవరి సొత్తూ కాదు, సొంత పట్టా ఉన్న రైతు. ఆయనకు ఆ పేరు ఇంట్లోవాళ్లే ముద్దుగా పెట్టి ఉంటారు. బడిలో ఏడిపిస్తారన్న భయం ఉంటే ముందు ఇంకో పేరు, తర్వాత కాఫూర్ అని జోడించండి, ఇంట్లో పిలవడానికి పనికొస్తుంది. మీ వియ్యపురాలితో మాత్రం పంతానికి పోకండి, ఈ పేజీ చూపించండి.

పుట్టుక రిజిస్టరు చేయించే ఉంటారు, లేకపోతే ఇరవై ఒక్క రోజుల్లోపు చేయించాలి. పేరు తేలకపోయినా ఫర్వాలేదు, ఏడాదిలోపు రుసుం లేకుండా చేర్పించుకోవచ్చు. రాయించేటప్పుడు దగ్గరుండి 'కా'కు దీర్ఘం, 'ఫూ'కు దీర్ఘం చూసుకోండి. ఇంగ్లీషు స్పెల్లింగు ముందే కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో సిద్ది అంబర్ బజార్ ఉంది కదా, ఆ అంబర్ మన అంబరమేనా, ఆకాశమా? (ఒక పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: కాదు నాయనా. పైన చెప్పిన వరసలోదే ఇది. అరబ్బీలో అంబర్ అంటే తిమింగలం కడుపులో తయారై సముద్రం మీద తేలివచ్చే సుగంధద్రవ్యం, అత్తరుల్లో వాడతారు. సిద్దీలంటే ఆఫ్రికా నుంచి మన దేశానికి వచ్చినవాళ్ల సంతతి. అహ్మద్‌నగర్ రాజ్యాన్ని మొగలుల నుంచి ఏళ్ల తరబడి కాపాడి 1626లో చనిపోయిన మాలిక్ అంబర్ కూడా ఇథియోపియా నుంచి బానిసగా వచ్చినవాడే. ఔరంగాబాద్‌ను మొదట ఖిడ్కీ అనే పేరుతో కట్టించింది ఆయనే. ఉర్దూలో రాసేటప్పుడు ఐన్, నూన్, బే, రే అని రాస్తారు. 'బ' ముందు 'న' మన నోట 'మ' అయిపోతుంది కాబట్టి, రాసేది అన్బర్ అయినా పలికేది అంబర్.