కాలనీ బతుకమ్మ పెత్తనం నీకిచ్చారట

బిడ్డా,

కాజీపేటలో మీ కాలనీ బతుకమ్మ కమిటీకి ఈసారి నిన్ను పెద్దను చేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. స్టేజీ ఎంత పెద్దది వేయించాలి, డీజే ఎవరిది పెట్టాలి అని నువ్వు టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పింది. హనుమకొండలో మా కాలనీలో ఈ పని ఏళ్ల తరబడి చేసినదాన్ని కాబట్టి ఉన్నమాట చెబుతా. స్టేజీ వద్దు, డీజే వద్దు. ఆడవాళ్లు గుండ్రంగా తిరిగి ఆడడానికి జాగా, కాళ్ల కింద శుభ్రమైన నేల, చాలినంత వెలుతురు, పాట ఎత్తే మనిషి గొంతు అందరికీ వినపడడం. ఇవి కుదిరితే చాలు. మిగతా ఖర్చు చాలావరకు మగపిల్లల సరదా.

ముందు నేల సంగతి చూడు. మనం చెప్పులు విడిచి ఆడతాం. కాలనీలో ఖాళీ జాగా అంటే ఏడాదంతా పగిలిన సీసాలు, కంకర, ఇల్లు కట్టుకున్నవాళ్లు పారబోసిన సిమెంటు పెళ్లలు అక్కడే ఉంటాయి. పైగా మొదటి రోజు ఎంగిలిపూలు వచ్చేది భాద్రపద అమావాస్యకు, అప్పటికి వానలు పూర్తిగా పోవు. గుంతల్లో మొరం పోయిస్తారు, ఆ రాళ్లు అరికాళ్లలో గుచ్చుకుంటాయి. దాని మీద సన్న డస్టు పరిపించి, నీళ్లు చల్లి, తొక్కించమను. ముందురోజు చేస్తే బురదే మిగులుతుంది.

ఇదంతా చందా డబ్బుతో చేయించాల్సిన పని లేదు. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌కు 66 డివిజన్లు. పండుగ దగ్గర పడేసరికి అన్ని చోట్ల నుంచీ లైట్లు, చెత్త, మొరం అని ఫోన్లు పోతూనే ఉంటాయి. ఆ వరుసలో చివర నిలబడకు. వినాయక నిమజ్జనం హడావిడిలో నీ కాగితం ఎవరూ చూడరు. అనంత చతుర్దశి దాటాక ఎంగిలిపూల నాటికి పక్షం రోజులు ఉంటాయి, అందులో మొదటి రెండు మూడు రోజుల్లోనే దరఖాస్తు ఇచ్చెయ్. 'మా కాలనీలో లైట్లు వెలగడం లేదు' అని రాస్తే పని కాదు. ఒక సాయంత్రం కాలనీ అంతా తిరిగి, ఏ నంబరు స్తంభం మీద లైటు పోయిందో రాసుకో. రెండు కాపీలు తీసుకుపోయి ఒకదాని మీద ముద్ర వేయించుకో. వారంలో పని కాకపోతే సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి ఆ ముద్ర కాగితం పట్టుకుపో. నోటిమాటకు అక్కడ విలువ లేదు.

అదనపు లైట్లకు కరెంటు తీగ మీద కొండి తగిలిస్తామని పిల్లలు అంటారు. ఒప్పుకోకు. తడి నేల, వట్టి కాళ్లు, ఇత్తడి తాంబాళాలు... ఆలోచిస్తేనే భయం వేస్తుంది. కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ ఆఫీసులో తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. పోలీస్ ఠాణాలో కూడా ఒక దరఖాస్తు ఇచ్చి, ఆ పూట వీధిలోకి బండ్లు రాకుండా రెండు వైపులా బారికేడ్లు అడుగు.

ఇక చప్పుడు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పండుగలకు ప్రభుత్వం 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. కానీ నేను డీజే వద్దనేది ఈ నియమం కోసం కాదు. డీజే పెడితే ఆడవాళ్లు పాడరు. రికార్డు పాటకు చేతులు ఊపుతారు, సెల్ఫీలు దిగుతారు, అలసిపోయి కూర్చుంటారు. మన పాట నడిచే తీరు వేరు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు 'ఉయ్యాలో' అనో, 'కోల్' అనో అందుకోవాలి. ఆ అందుకోవడంలోనే ఆట ఉంది. ఒక కార్డ్‌లెస్ మైకు, రెండు చిన్న స్పీకర్లు తెచ్చి, ఆ మైకు పాట ఎత్తే మనిషికి ఇవ్వు. జనం ఎక్కువైతే ఒకే పెద్ద వలయం వద్దు. అవతలి చివరకు పాట సరిగా అందక చప్పట్లు తప్పుతాయి. రెండు వలయాలు చెయ్యి. లేదా చిన్నది లోపల, పెద్దది బయట పెట్టు.

మరి పాట ఎత్తేది ఎవరని అడుగుతావు. మీ కాలనీలోనే ఉంటారు, వాళ్లే ముందుకు రారు. భర్త పోయిన పెద్దవాళ్లు చాలామంది గోడ పక్కన కుర్చీ వేసుకుని చూస్తుంటారు. పసుపు గౌరమ్మ దగ్గరికి పోతే ఎవరేమంటారో అని వాళ్ల జంకు. ఎక్కువ పాటలు వచ్చేది వాళ్లకే. పండుగ నాడు పిలిస్తే రారు, ముందే ఇంటికి పోయి పిలవాలి. సాయంత్రాలు ఒకరి వాకిట్లో కూర్చుని పాటలు అనుకోండి, కొత్త కోడళ్లు రాసుకుంటారు. ఎవరైనా అడ్డం మాట్లాడితే కమిటీ పెద్దగా నువ్వు గట్టిగా నిలబడు. నా వరకు ఈ ఒక్క పని స్టేజీకన్నా, విందుకన్నా, బహుమతులకన్నా పెద్దది. కిరాయికి ఉంటున్నవాళ్లను, అపార్టుమెంటు వాచ్‌మెన్ ఇంటి ఆడవాళ్లను, పొద్దున్నే మన వీధి ఊడ్చే అమ్మలను కూడా అలాగే పిలువు.

పువ్వులకు ఇప్పుడు మార్కెట్ మీద ఆధారపడితే చివరి రోజు సద్దుల నాడు గునుగు కట్ట ధర విని కళ్లు తిరుగుతాయి. కాలనీలో ఊరి పొత్తు ఉన్నవాళ్లు ఎవరో కనుక్కుని ఒక ట్రాలీ మాట్లాడుకోండి. గునుగు నాలుగు రోజులు ఆగుతుంది, ముందే తెప్పించుకోవచ్చు. తంగేడు ఆగదు. ఆ పొద్దుటే కోసి తడిగుడ్డలో చుట్టి తేవాలి. ప్లాస్టిక్ పూలు, థర్మాకోల్ బతుకమ్మలు వద్దని వాట్సాప్ గ్రూపులో ముందే పెట్టెయ్. ఆ తర్వాత అవి చెరువులో కరగవు.

సద్దులు ఏ రోజు అన్న తగాదా కొన్ని ఏండ్లు తప్పదు. దుర్గాష్టమి తిథి రెండు రోజుల మీద పడితే పండితులు తలో మాట చెబుతారు. వేములవాడ వైపు వాళ్లయితే ఏడో రోజే సద్దులు అంటారు. ఎవరి లెక్క తప్పో తేల్చే పని నీది కాదు. పద్మాక్షి గుట్ట దగ్గర ఏ రోజు చేస్తున్నారో కనుక్కుని, అదే రోజు అని వారం ముందే ప్రకటించు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆట ఉండదు. ఆ సాయంత్రం కమిటీ కూర్చుని లెక్కలు చూసుకోండి.

డబ్బు మాట కూడా చెప్పాలి. ఇంటికి ఇంత అని రేటు కట్టకు, ఇవ్వలేనివాళ్లు ఆటకు రావడమే మానేస్తారు. ఫోన్‌పే ఒకే నంబరుకు రానివ్వు, కానీ ఆ నంబరు నీది కాకుండా చూసుకో. ఏ రోజు ఎంత వచ్చింది, దేనికి పోయింది అని ఒక చార్టు రాసి పార్కు గేటుకు అంటించు. చార్టు ఉంటే చాటుమాటు గుసగుసలు సగం తగ్గుతాయి.

నాయకులు వస్తారు. రానివ్వు, లైట్లు వేయించింది వాళ్లే కావచ్చు. ఆట మొదలయ్యేముందు ఐదు నిమిషాలు మాట్లాడమను. ఆట నడుస్తుండగా వచ్చారంటే పాట ఆపి మైకు ఇవ్వకు, ఒక బతుకమ్మ చేతికిచ్చి వలయంలో కలుపు. నవ్వుతూ ఆడతారు, ఫొటో కూడా బాగా వస్తుంది. ఫ్లెక్సీలు ప్రహరీ బయటే కట్టించు.

సాగనంపడానికి వడ్డేపల్లి చెరువు దాకా నడిచిపోతామంటే, పొద్దున ఒకసారి ఆ గట్టు, మెట్లు చూసి రా. నాచు ఉంటే ఊడిపించి, లైటు పెట్టించు. ఈత వచ్చిన ఇద్దరు ముగ్గురు మగవాళ్లు నీళ్లలో నిలబడి బతుకమ్మలను అందుకోవాలి, ఆడవాళ్లు, పిల్లలు మెట్టు దిగకూడదు. మలీద, సత్తుపిండి పంచేది గట్టు దిగి ఇవతలికి వచ్చాకే. లేకపోతే అందరూ మెట్ల మీదే గుమికూడతారు. ఆకులో, స్టీలు గిన్నెలో పెట్టండి, ప్లాస్టిక్ కవర్లు వద్దు. తెల్లారి గట్టు ఊడ్చడానికి కమిటీవాళ్లు కూడా పోవాలి, కార్పొరేషన్ మనుషుల మీద మాత్రమే వదిలేయకండి.

నా పాటల నోటుబుక్కు మీ తమ్ముడితో పంపుతున్నా. జిరాక్సులు తీయించుకుని అసలుది తిరిగి పంపు, పోగొట్టకు. కొన్ని పాటలకు చివరి చరణాలు నాకు గుర్తు లేక జాగా వదిలి పెట్టాను. మీ కాలనీ పెద్దవాళ్లకు వస్తాయేమో అడిగి, పెన్సిల్‌తో రాయించు.

మీ పెద్దమ్మ