ఐదు సిట్టింగుల రేడియేషన్‌కి వెళ్లే తమ్ముడికి

విశాఖపట్నం

చిరంజీవి తమ్ముడికి,

నీ ప్రోస్టేట్ క్యాన్సర్‌కి గ్లీసన్ (కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయో చెప్పే స్కోరు) 3+4, పీఎస్‌ఏ (ఈ జబ్బుకి చూసే రక్తపరీక్ష అంకె) 10 లోపు, జబ్బు ప్రోస్టేట్ గ్రంథి దాటలేదు. నీ రిపోర్టులకు ఐదు సిట్టింగుల రేడియేషన్ సరిపోతుంది. మొత్తం డోసు 36.25 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత), అంటే పూటకి 7.25. 39 లేదా 20 సిట్టింగుల పద్ధతితో దీన్ని పోల్చిన పేస్-బి పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి. రెండు వైపులా ఐదేళ్లకి నూటికి 95 మంది దాకా జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. అయితే మందు వాడాల్సినంత మూత్రం ఇబ్బంది ఐదు సిట్టింగుల వాళ్లలో నూటికి 27 మందికి వస్తే, రెండో వైపు 18 మందికే వచ్చింది. అందుకే ఇప్పటికే ధార సన్నగా వస్తుంటే, రాత్రి నాలుగైదుసార్లు లేస్తుంటే, ముందే డాక్టర్‌కి చెప్పు. దాన్ని దారికి తెచ్చాకే మొదలుపెడతారు.

గురి కోసం గ్రంథిలో బంగారు గింజలు పెడతారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పు, నీ అంతట నువ్వు మానకు. గింజలు పెట్టాక చలిజ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లు. వాపు తగ్గడానికి వారం ఆగి, కిరణాలు ఎక్కడ పడాలో లెక్కగట్టే ప్లానింగ్ సీటీ స్కాన్ తీస్తారు.

అసలు పని ఇక్కడే ఉంది. ఒక్క పూట గురి తప్పితే ఐదో వంతు డోసు తప్పినట్టే. మూత్రసంచి నిండుగా ఉంటే పేగులు పైకి జరుగుతాయి, సంచిలో ఎక్కువ భాగం కిరణాలకి దూరంగా ఉంటుంది. మలద్వారం దగ్గర గ్యాస్ చేరితే గ్రంథి ముందుకు తోసుకుపోయి, పేగు గోడ కిరణాల దారిలోకొస్తుంది. సీటీ రోజున పంతానికి లీటరు తాగకు. మూత్రం పోసుకుని, వాళ్లు చెప్పిన కొలత తాగి, చెప్పినంత సేపు ఆగు. ఐదు రోజులూ అదే కొలత, అదే వ్యవధి. మధురవాడ నుంచి అగనంపూడి ఆసుపత్రికి వెళ్లేవాడివి, నీళ్లు ఇంట్లో తాగి బయలుదేరకు. ఎన్‌ఏడీ, గాజువాక ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆపుకోలేవు. ఆసుపత్రికి చేరాకే తాగు.

సీటీకి రెండు మూడు రోజుల ముందు నుంచే శనగలు, అలసందలు, క్యాబేజీ మాను. బీచ్‌లో ముంత మసాలా, బజ్జీలు కూడా అన్నీ అయ్యాకే. విరేచనం కాకపోతే ఎనిమా అడుగు, సిగ్గుపడకు. స్కాన్‌లో గ్యాస్ కనబడి బల్ల మీంచి దింపేస్తే విసుక్కోకు. కాసేపు నడిచి, గ్యాస్ వదిలి మళ్లీ ఎక్కు. ఆ అరగంట ఆలస్యం నీ మంచికే.

తర్వాత కొన్ని వారాలు మూత్రం మంట, మాటిమాటికీ వెళ్లడం ఉంటాయి. మూత్రం సాఫీగా రావడానికి టామ్సులోసిన్ మాత్ర ఇస్తారు. కాఫీ తగ్గించు. మూత్రం పూర్తిగా ఆగిపోతే ఆ రాత్రే క్యాజువాల్టీకి వెళ్లు, గొట్టం వేస్తారు. నెలల తర్వాత మలంలో రక్తం కనబడితే, కొలనోస్కోపీ చేసే డాక్టర్‌కి రేడియేషన్ సంగతి తప్పక చెప్పు. పేగు ముందు గోడ నుంచి ముక్క తీస్తే ఆ పుండు మానడం కష్టం.

పీఎస్‌ఏ ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించు. మెల్లగా దిగుతుంది. మొదటి రెండు మూడేళ్లలో ఒకసారి కాస్త పెరిగి మళ్లీ దిగడం మామూలే, హడలిపోకు. అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకెకి 2 కలిపి చూడు. 0.4 దాకా దిగితే, 2.4కి చేరినప్పుడే తిరగబెట్టినట్టు లెక్క.

ఆశీస్సులతో,
అన్నయ్య