డాక్టర్ సలహా: ఎడమ చేతికి బీపీ రావడం లేదు.. నరాల బలహీనతేనా?

ప్రశ్న: మా అమ్మాయికి 24 ఏళ్లు. ఎం.కామ్. పూర్తిచేసి ఇంట్లోనే బ్యాంకు పరీక్షలకు చదువుకుంటోంది. రెండేళ్ల క్రితం సాయంత్రం పూట సన్నగా జ్వరం, నీరసం మొదలయ్యాయి. ఆరు కిలోలు తగ్గిపోయింది. ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష) 84 ఉంది. కఫంలో ఏమీ కనిపించకపోయినా టీబీ కావచ్చని ఆరు నెలలు మందులు వాడించారు. జ్వరం పూర్తిగా తగ్గలేదు. తర్వాత ఒళ్లునొప్పులు, కీళ్లనొప్పులు వస్తే ఇంకో డాక్టరు ప్రెడ్నిసొలోన్ 10 మి.గ్రా. మాత్రలు పది రోజులకు రాశారు. మూడో రోజుకే లేచి తిరిగింది. అప్పటి నుంచి నొప్పులు వచ్చినప్పుడల్లా ఆ చీటీ చూపించి షాపులో తెచ్చి వేస్తున్నాం. నెలలో సగం రోజులు వేసుకుంటూనే ఉంది. ఏడాది దాటింది. ఈ మధ్య జడ వేసుకుంటున్నా, బట్టలు ఆరేస్తున్నా ఎడమ చెయ్యి లాగేస్తోందంటోంది. మొన్న బీపీ చూస్తే కుడి చేతికి 172/106 వచ్చింది. ఎడమ చేతికి మిషన్‌లో ఎర్రర్ వస్తోంది. ఆర్ఏ ఫ్యాక్టర్, ఏఎన్ఏ (కీళ్లవాతం, లూపస్ లాంటి జబ్బులకు చేసే రక్తపరీక్షలు) నెగెటివ్. నరాల బలహీనత అంటున్నారు. బీ12 ఇంజెక్షన్లు వేయించమంటారా? ఏ ఆహారం పెట్టాలి? సంబంధాలు చూస్తున్నాం, ఇబ్బందేమైనా ఉంటుందా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, బీ12 సంగతి తర్వాత చూద్దాం. మీరు ఒక్క మాటలో దాటేసిన విషయమే నన్ను కలవరపెడుతోంది. 24 ఏళ్ల అమ్మాయికి 172/106 బీపీ ఉండకూడదు. ఒక చేతికి అంత ఉండి, రెండో చేతికి అసలు రాకపోవడాన్ని మిషన్ లోపమని వదిలేయకూడదు. ఈ జవాబు చదివిన రోజో, మర్నాడో ఆమెను జనరల్ ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. సంబంధాలు పది రోజులు ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగకూడదు.

చెయ్యి చూడకుండా, నాడి పట్టకుండా జబ్బు పేరు ఖాయంగా చెప్పడం సరికాదు. అయినా మీరు రాసిన వరుస చూస్తే ముందుగా అనుమానించాల్సింది తకయాసు ఆర్టిరైటిస్. గుండె నుంచి బయలుదేరే బృహద్ధమనికి, దాని పెద్ద కొమ్మలకు వాపు వచ్చే జబ్బు ఇది. శరీర రక్షణ వ్యవస్థే రక్తనాళాల గోడల మీద దాడి చేస్తుంది. గోడలు మందమై, లోపలి దారి సన్నబడి, కొన్నిచోట్ల పూర్తిగా మూసుకుపోతుంది. అరుదైన జబ్బే కానీ మన దేశంలోనూ, జపాన్ వంటి ఆసియా దేశాల్లోనూ యూరప్‌తో పోలిస్తే ఎక్కువ. రోగుల్లో అత్యధికులు నలభై లోపు స్త్రీలు. జపాన్ కంటి వైద్యుడు మికిటో తకయాసు 1908లో ప్రచురించిన వివరాలు కూడా 21 ఏళ్ల యువతివే. ఆమె కంటి రక్తనాళాల్లో కనిపించిన లాంటి మార్పులే ఉన్న రోగుల ముంజేతిలో నాడి దొరకడం లేదని అప్పుడే మరో ఇద్దరు వైద్యులు గమనించారు. అంటే ఈ జబ్బును పట్టిచ్చే మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. రెండు ముంజేతుల మీద వేళ్లు పెట్టి చూడాలి, అంతే. రెండేళ్లలో మీరు ఇంతమందికి చూపించారు, ఒక్కరైనా రెండు చేతుల్లోనూ నాడి చూశారా?

నరాల బలహీనత అయితే తిమ్మిర్లు, మొద్దుబారడం ఊరికే కూర్చున్నప్పుడూ ఉంటాయి. పని చేస్తుంటే లాగడం, చెయ్యి దించి కాసేపు ఆగితే తగ్గడం రక్తం చాలకపోవడానికి గుర్తు. ఎడమ భుజానికి వెళ్లే ధమని సన్నబడి ఉండొచ్చు. కుడి చేతి బీపీ పెరగడానికి మూత్రపిండాల ధమనులు సన్నబడటం ఒక కారణం కావచ్చు, మీరు వాడిన ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ కూడా కొంత కారణం కావచ్చు. పుట్టుకతో బృహద్ధమని ఒకచోట ఇరుకుగా ఉండటం లాంటి వేరే కారణాలూ లేకపోలేదు. అవన్నీ స్కానింగ్‌లో తేలాలి.

మొదట్లో టీబీ అనుకోవడాన్ని నేను పెద్దగా తప్పుపట్టను. సన్నని జ్వరం, బరువు తగ్గడం, ఈఎస్ఆర్ పెరగడం రెండింటిలోనూ ఉంటాయి. మన దేశంలో ఈ రోగులు చాలామంది ముందు టీబీ మందులు వాడి వచ్చేవాళ్లే. కానీ ఆరు నెలల కోర్సు ముగిసినా జ్వరం తగ్గకపోతే మళ్లీ మొదటి నుంచీ ఆలోచించాలి. అక్కడ ఆగిపోయింది మీ వ్యవహారం. ఆర్ఏ ఫ్యాక్టర్, ఏఎన్ఏ నెగెటివ్ అని నిశ్చింతగా ఉండకండి. తకయాసులో అవి సాధారణంగా నెగెటివ్‌గానే ఉంటాయి. దీన్ని తేల్చే రక్తపరీక్ష ఒక్కటీ లేదు.

ఇక స్టిరాయిడ్ గురించి కాస్త గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. పది రోజులకు రాసిన చీటీతో ఏడాది పాటు మాత్రలు ఎలా ఇచ్చారు? డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు అది. ఆ చీటీ గడువు పది రోజులతోనే తీరిపోయింది. స్టిరాయిడ్ చెడ్డ మందు కాదు. తకయాసు అని తేలితే రేపు మీ అమ్మాయికి మొదట ఇచ్చేదీ అదే కావచ్చు, అయితే బరువును బట్టి లెక్కవేసి, పక్కన వేరే మందు జోడించి, నెలల తరబడి మెల్లగా తగ్గిస్తూ ఇస్తారు. మీరు వేసిన తీరులో నొప్పి, జ్వరం అణిగాయి. వాటిని చూసి అనుమానించాల్సిన డాక్టరుకు ఆ ఆనవాళ్లు దొరకలేదు. లోపల ధమనుల్లో వాపు మాత్రం నడుస్తూనే ఉండి ఉంటుంది. పైగా బీపీ, షుగర్ పెరుగుతాయి, ఎముకలు పలచబడతాయి, దాగి ఉన్న టీబీ ఉంటే తిరగబెడుతుంది. నొప్పి తగ్గింది కదా అని ఇదే పని చేస్తున్న ఇళ్లు నాకు చాలా తెలుసు. ఒళ్లునొప్పులకు ప్యాకెట్లలో కట్టి ఇచ్చే పేరులేని మాత్రల్లోనూ తరచుగా ఉండేది ఇదే.

ఇది చదివి రేపటి నుంచి మాత్రలు ఠక్కున మానిపించకండి. కొన్ని వారాలకు మించి వాడినవాళ్లలో మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించేస్తాయి. హఠాత్తుగా ఆపితే వాంతులు, విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం వంటివి రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. ఎన్ని వేసింది, చివరిసారి ఎప్పుడు వేసింది, దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఖాళీ షీట్లు ఉంటే వెంట తీసుకెళ్లండి. ఎంత వేయాలో, ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు. అలాగే ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునే బీపీ మాత్ర ఈమెకు ఇవ్వకండి. రెండు మూత్రపిండాల ధమనులూ సన్నబడి ఉంటే టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటివి మూత్రపిండాలనే దెబ్బతీయగలవు.

ఫిజీషియన్ రెండు చేతులకూ రెండు కాళ్లకూ బీపీ చూడాలి. మెడ దగ్గర, కాలర్ ఎముక కింద, పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి రక్తం ఒరుసుకుపోతున్న శబ్దం ఉందేమో వినాలి. క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రపరీక్ష, సీఆర్‌పీ (వాపును సూచించే రక్తపరీక్ష), గుండె ఎకో, కంటి పరీక్షతో పాటు బృహద్ధమని మొత్తానికీ సీటీ లేదా ఎంఆర్ యాంజియోగ్రామ్ (రక్తనాళాలను చూపించే స్కానింగ్) అవసరం కావచ్చు. ఈఎస్ఆర్ ఇప్పుడు మామూలుగా వచ్చినా జబ్బు లేదనుకోకండి. చురుగ్గా ఉన్నప్పుడూ అది మామూలుగా ఉండొచ్చు, పైగా స్టిరాయిడ్ దాన్ని తగ్గిస్తుంది. అనుమానం బలపడితే రుమటాలజిస్టు (కీళ్ల జబ్బులు, ఇలాంటి రక్షణ వ్యవస్థ జబ్బులు చూసే నిపుణుడు) చూడాలి. మీకు దగ్గర హైదరాబాదే, అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. రక్షణ వ్యవస్థ దాడిని అణిచే మెథోట్రెక్సేట్, మైకోఫినొలేట్, అజాథయోప్రిన్ వంటి మందులు, వాటికి లొంగకపోతే టోసిలిజుమాబ్ లాంటి ఇంజెక్షన్లు వాడతారు. మూసుకున్న ధమనికి స్టెంటు, బైపాస్ అనేవి వీలైనంతవరకు వాపు అదుపులోకి వచ్చాకే.

వదిలేస్తే పక్షవాతం, గుండె వైఫల్యం, చూపు పోవడం, మూత్రపిండాలు దెబ్బతినడం దాకా వెళ్లవచ్చు. మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక కంటికి చీకటి కమ్మినా, ఫిట్స్ వచ్చినా, ఛాతీనొప్పి, ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

పెళ్లికి ఈ జబ్బు అడ్డు కాదు. అదుపులో ఉంటే పిల్లలనూ కనవచ్చు. అయితే గర్భంలో బీపీ ప్రమాదం ఎక్కువ. మెథోట్రెక్సేట్, మైకోఫినొలేట్ గర్భానికి ముందే డాక్టరు చెప్పిన వ్యవధి పాటించి ఆపాలి. అవతలివాళ్లకు దాచి చేయకండి. దాచిన ఇళ్లలో ముందు మందులు మానేస్తుంది కొత్త కోడలు.

ఆహారం అడిగారు. ఉప్పు, పచ్చళ్లు, అప్పడాలు బాగా తగ్గించండి. స్టిరాయిడ్ వాడుతోంది కాబట్టి పాలు, పెరుగు, రాగులు రోజూ ఉండాలి. కాల్షియం, విటమిన్ డి మాత్రలు డాక్టరు రాస్తే వేయండి. బీ12 రక్తపరీక్షలో తక్కువని తేలితే వేయించుకోవచ్చు. ముందు ఆ ఎడమ చేతి నాడి చూపించండి.