అమెరికా గాయని అరెథా ఫ్రాంక్లిన్ గాస్పెల్ (చర్చి భక్తిగీతాలు) వదిలేసి సోల్ (ఆ గీతాల ఒరవడి కలిసిన పాపులర్ సంగీతం) గాయని అయ్యారా?

వదల్లేదు. 1942లో మెంఫిస్‌లో పుట్టిన ఆమె, డెట్రాయిట్‌లో తండ్రి పాస్టర్‌గా ఉన్న చర్చిలో పాడుతూ పెరిగారు. 1960లో కొలంబియా రికార్డు కంపెనీలో చేరితే ఎక్కువగా జాజ్, పాప్ పాడించారు. పెద్ద హిట్లు పడలేదు. అసలు మలుపు 1967. అట్లాంటిక్ కంపెనీ వాళ్లు అలబామా రాష్ట్రంలోని మజిల్ షోల్స్ ఊళ్లో ఫేమ్ స్టూడియోలో ఆమెను పియానో ముందు కూర్చోబెట్టారు. తనే వాయిస్తూ పాడేసరికి చర్చిలో పెరిగిన ఆ గొంతు పూర్తిగా బయటపడింది. ఆ ఏడాదే గాయకుడు ఓటిస్ రెడింగ్ రాసిన ‘రెస్పెక్ట్’ను అక్కచెల్లెళ్ల కోరస్‌తో పాడి నంబర్ వన్ చేశారు. మంచి ఊపులో ఉండగానే, 1972లో లాస్ ఏంజెలస్ చర్చిలో రెండు రాత్రులు గాస్పెల్ పాడి రికార్డు చేశారు. 2018లో ఆమె కన్నుమూశారు. కొత్తగా వినేవాళ్లు ఆ చర్చి రికార్డింగ్‌తోనే మొదలుపెట్టండి. అందులో ‘అమేజింగ్ గ్రేస్’ పది నిమిషాలకు పైనే సాగుతుంది, ఒక్కో మాటనీ ఎంత సాగదీసి పాడతారో!